గౌలిపుర గల్లీలో మీటా

కమలను మొదటిసారి మీటా అని పిలిచింది చిన్నపిల్లలు కాదు, నలభై దాటిన ప్రహ్లాద్. అది కూడా తన ఇంటి ముందటి హాల్లో, సగం గల్లీ కూర్చుని ఉండగా, పకపకా నవ్వుతూ పిలిచాడు.

గౌలిపురలో ఆ గల్లీకి మొట్టమొదటి టీవీ తెచ్చినవాడు ప్రహ్లాదే. తాతల నాటి ఇనుప సామాన్ల దుకాణం ఉంది. గణేశ్ మండలికి ఆయనే అధ్యక్షుడు. చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెడతాడని పేరు. ఆదివారం పొద్దున తలుపులు బార్లా తెరిచి, చాపలు పరిపించి, అందరినీ రమ్మనేవాడు. ఆ వేళకు ఇంగ్లీషు సీరియల్ ఒకటి వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే పెద్ద ఓడ, దానికో కప్తాను, దిగిన చోటల్లా వింత వింత మనుషులు. దాని అసలు పేరు నోరు తిరక్క గల్లీలో అందరూ జహాజ్ అనేవారు.

కమల ఒక్క ఆదివారం కూడా మానేది కాదు. మానకపోవడానికి ఆమెకు ఆమె కారణం ఉంది. పన్నెండో ఏట పెద్ద జ్వరం వచ్చి, బతికి బయటపడింది గాని వినికిడి చాలావరకు పోయింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ల మనిషి. చెవి మిషన్ పెట్టుకుంటుంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి చెవిలోకి సన్నని వైరు. డబ్బాకు పూల గుడ్డతో సంచీ కుట్టుకుని జాకెట్టుకు పిన్నుతో తగిలించుకునేది. మిషన్ ఉన్నా అన్నీ వినపడవు. పక్కపక్కన ఇద్దరు మాట్లాడితే మాటలు కలగాపులగం అయిపోతాయి. అందుకే పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఒక మూల కూర్చుని, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వి లేచి వచ్చేది.

జహాజ్ దగ్గర అలా కాదు. ఆ ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాదు. ప్రహ్లాద్‌కీ కాదు, ఆయన భార్య సుశీలమ్మకీ కాదు, పాలమ్మే కృష్ణమ్మకైతే అసలే కాదు. అందరూ కళ్లతో చూసి అర్థం చేసుకోవాల్సిందే. కళ్లతో చూసి అర్థం చేసుకోవడం కమలకు పద్నాలుగేళ్లుగా అలవాటు. కప్తాను కనుబొమ్మ కదిలితే అబద్ధమాడుతున్నాడని చెప్పేది. తలుపు వెనకాల ఎవడున్నాడో తలుపు తెరవక ముందే చెప్పేది.

"ఏమయిందే కమలా? గా ముసలోడు ఎందుకు ఏడుస్తుండు?" అని కృష్ణమ్మ మోచేత్తో పొడిచేది.

"వాని ఊరు కాలిపోయింది అక్కా. వీళ్లు జర ముందుగాల పోతే ఆగుతుండె."

"అయ్యో పాపం" అని కృష్ణమ్మ కొంగుతో కళ్లొత్తుకునేది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముందుకు వంగి వినేవారు. ఒక హాలు నిండా జనం తన మాట కోసం ఆగడం కమల జీవితంలో అదే మొదలు.

ఆ యేడు గల్లీ అంతటికీ జహాజ్ పిచ్చి పట్టింది. మొఘల్‌పురా గాలిపటాల దుకాణంలో వెండి కాగితం అతికించిన ఓడ పటాలు వేలాడాయి. మంగలి దుకాణం అద్దం మీద ఎర్ర రంగుతో 'కప్తాన్ కటింగ్' అని రాశారు. కృష్ణమ్మ ఇంట్లో పుట్టిన దున్నపిల్లకు కప్తాన్ అని పేరు పెట్టారు. మునిసిపల్ ఎన్నికలకు నిలబడ్డ ఒకాయన తన బొమ్మను ఓడ మీద కూర్చోబెట్టి గోడల నిండా గీయించుకున్నాడు. కుర్రాళ్లు ఎదురుపడితే సీరియల్లో లాగా ఎడమ భుజం మీద కుడిచేయి వేసి తల వంచేవారు. కమల కూడా తన వంతు చేసింది. తండ్రి వైకుంఠానికి చార్మినార్ పోయే దారిలో చిన్న దుకాణం ఉంది. గుండీలు, లేసులు, దారాలు, రిబ్బన్లు అమ్ముతారు. దుకాణం నడిపేది నిజానికి కమలే. ఎప్పటినుంచో అమ్ముడుపోని నక్షత్రం ఆకారపు గుండీలను అట్టకు కుట్టి, పైన 'జహాజ్ గుండీలు' అని రాసి వేలాడదీసింది. వారం తిరక్కుండా అయిపోయాయి.

అప్పుడు సీరియల్లోకి మీటా వచ్చింది.

మీటా ఇనుప మనిషి. ఆడ మనిషి రూపం, మెరిసే లోహపు ముఖం. చెవిలోంచి వైరు ఒకటి దిగి గుండె మీది డబ్బాలోకి పోతుంది. ఎవరేం చెప్పినా వెంటనే చెయ్యదు. తల ఒక పక్కకు వంచి, డబ్బా మీది చక్రం తిప్పి, చెప్పిన మాట మళ్లీ చెప్పించుకుంటుంది. ఆ తర్వాతే కదులుతుంది.

ఆమెను తెర మీద చూడగానే కమల గుండె ఝల్లుమంది. అది సంతోషమే. నక్షత్రాల మధ్య పోయే ఓడలో వైరు పెట్టుకున్న ఒక మనిషి ఉంది, ఆమె లేకుండా కప్తాను అడుగు ముందుకు వెయ్యడు. తనకు తెలియకుండానే కమల చెయ్యి తన డబ్బా మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే ప్రహ్లాద్ చూశాడు.

"అరె, మన కమల! మన కమల జహాజ్ ఎక్కిందిరో!" అని తొడ చరిచాడు. "ఏయ్ మీటా! మీట తిప్పుకో!"

హాలు గొల్లుమంది. కమలకు ఆ మాట సరిగ్గా వినపడలేదు. అలవాటు ప్రకారం తల వంచి, "ఏందన్నా? మల్లొకసారి చెప్పు" అంది.

ఇక ఆ నవ్వు ఆగలేదు. కొందరు కడుపులు పట్టుకుని చాపల మీద దొర్లారు. విషయం అర్థమయ్యేసరికి కమల ముఖం మీద అందరితో పాటు తెచ్చిపెట్టుకున్న నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని తుడిచేసుకోవడానికి కూడా వీలు దొరకలేదు.

మరునాటికి ఆ పేరు గల్లీ దాటింది. సోడా బండివాడు అన్నాడు. కూరగాయల బండి దగ్గర అన్నారు. బడికి పోయే పిల్లలు దుకాణం ముందు నిలబడి, తల వంచి, గుండె మీద చక్రం తిప్పినట్టు తిప్పి పరుగెత్తేవారు. "గీ లేసు యాడ కొన్నవ్?" అని ఒకరడిగితే, "మీటా దుకాణంల" అని ఇంకొకరు చెప్పేవారు. బేగంబజార్ నుంచి దారాలు తెచ్చే సేటు కూడా, "క్యా మీటా బేటీ, స్టాక్ కైసా హై?" అన్నాడు. అందరిదీ ఒకటే పాట. ప్రేమతో అంటున్నాం, సరదాకి అంటున్నాం.

కమల ప్రహ్లాద్ దుకాణానికి పోయి సూటిగా అడిగింది.

"అన్నా, నన్ను గట్ల పిలుసుడు బంద్ చెయ్యిండ్రి. నాకు మంచిగనిపిస్తలేదు."

ప్రహ్లాద్ తక్కెట్లో మేకులు పోస్తూ తలెత్తాడు. "గిదేంది కమలా? నీ ఇజ్జత్ పెరిగింది గదా. ఇయ్యాల గౌలిపురల నీ పేరు తెల్వనోడు ఎవడున్నడు?"

"గది నా పేరు గాదు."

"ఫికర్ చెయ్యకు. మన పిల్లవని అంటున్నం. బయటోళ్లను అంటమా?" అని, పక్కన కూర్చున్నవాళ్ల వైపు తిరిగి తల ఒక పక్కకు వంచి చూపించాడు. వాళ్లు నవ్వారు. వినపడలేదు గాని కనపడింది.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. వైకుంఠం మెత్తని మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. గోడ వైపు చూస్తూ, "కొన్ని దినాలు మిషన్ తీసి పెడితె ఎట్లుంటది బిడ్డా? వైరు కనపడకపోతే మరిచిపోతరు. లేకుంటే నువ్వు లోపట కూసో, దుకాణం నేను చూసుకుంట" అన్నాడు.

కమలకు ఒళ్లు మండిపోయింది. "నేనేం తప్పు చేసిన్నని లోపట కూసోవాలె బాపు? నవ్వేటోళ్లు బయటనా, నేను లోపటనా?"

కమల మిషన్ తియ్యలేదు. కాని ఆదివారాలు ప్రహ్లాద్ ఇంటికి పోవడం మానేసింది. జహాజ్ వచ్చే వేళకు గల్లీ అంతా నిర్మానుష్యమైపోయేది. ఆమె ఒక్కతే ఇంట్లో కూర్చుని, తన దగ్గరున్న ఒక్క ముచ్చటనూ లాక్కున్నారే అని పళ్లు కొరికేది.

వినాయక చవితి దగ్గరికొచ్చింది. ఈసారి మండపం జహాజ్ ఆకారంలో కడుతున్నారనీ, వెదురు బద్దల మీద వెండి కాగితం అతికిస్తున్నారనీ, వినాయకుణ్ణి కప్తాను కుర్చీలో కూర్చోబెడుతున్నారనీ విన్నది. ఒకరోజు భిక్షపతి దుకాణానికి వచ్చాడు. మొఘల్‌పురాలో ఒక ప్రెస్సులో పనిచేస్తాడు. ప్రతి యేడూ మండపంలో హాస్య వేషాలు వేసేది అతనే.

"చెల్లె, వెండి జరీ లేసు గావాలె. మెరిసేటిది. స్టేజి మీద లైటు పడితె కండ్లు చెదరాలె."

"ఏం వేషమన్నా?"

భిక్షపతి లేసుల అరల వైపు చూపు తిప్పాడు. "గదే... అప్సరస అనుకో."

కమల అరలన్నీ వెతికి, మామూలు జరీ కన్నా పలచగా ఉండి, దూరానికి ఎక్కువ మెరిసేది తీసింది. ఆడవేషానికి భుజాల దగ్గర ఎలా కుట్టుకోవాలో, ఎక్కడ మడతపెట్టాలో చూపించింది. పెద్ద గుండీలు నాలుగు అడిగితే అవీ ఏరి ఇచ్చింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ అతను ఆమెనే పరీక్షగా చూశాడు. శ్రద్ధగా వింటున్నాడనుకుంది.

మండపంలో నాటకం వేసే రోజు సాయంత్రం కృష్ణమ్మ వచ్చి బలవంతం చేసింది. "ఒక్కతివి ఏం కూసుంటవే? గణపతి ముంగటికి రాకుంట ఉంటరా?" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. దీపాలు పెట్టే వేళ. మండపం నిజంగా అందంగానే ఉంది. కమల ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది. వెనక కుర్చీల్లో దుకాణదారులు, వాళ్ల మధ్య వైకుంఠం.

నాటకంలో గౌలిపుర పాలవాడు ఒకడు దారి తప్పి ఆకాశ ఓడ ఎక్కుతాడు. కప్తానుతో పాల లెక్క గురించి కొట్లాడతాడు. అంతవరకు కమల కూడా నవ్వింది. తర్వాత కప్తాను చప్పట్లు కొట్టి, "మీటా!" అని పిలిచాడు.

భిక్షపతి వచ్చాడు. ఆకుపచ్చ చీర, కమల పండగలకు కట్టే చీర లాంటిదే. అంచుకు ఆమె ఏరి ఇచ్చిన వెండి జరీ. ఛాతీ మీద సబ్బు డబ్బా, దానికి పూల గుడ్డ సంచీ, దానికి ఆమె ఇచ్చిన గుండీలు. చెవిలోకి తాడు. చేతిలో దారపు ఉండల పళ్లెం. అడుగు తీసి అడుగు వెయ్యడం, వైరు వెనక్కి తోసి వెంట్రుకలు చెవి మీదికి లాక్కోవడం, అన్నీ కమలవే.

"మీటా, మంచినీళ్లు తే" అన్నాడు కప్తాను.

"ఆఁ? మల్లొకసారి చెప్పు."

"మంచినీళ్లు!"

"మంచి నూలా? ఏ రంగుదన్నా?"

జనం ఈలలు వేశారు. లౌడ్ స్పీకర్లు ఆ ఈలలను కూడా పట్టి తిరిగి జనం మీదికే విసిరాయి. కమల చెవిలో అంతా ఒకటే రొద. ఆమె వెనక్కి తిరిగింది. ఈ లోకంలో ఒక్క ముఖమన్నా నవ్వకుండా ఉంటుందని తండ్రి కోసం వెతికింది. వైకుంఠం భుజం మీది కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అటుపక్క వాడు వీపు మీద చరుస్తున్నాడు, ఇటుపక్క వాడు చెవిలో ఏదో అంటున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నాడు.

కమల లేచింది. కృష్ణమ్మ కొంగు పట్టుకుంటే విడిపించుకుంది. పక్క మెట్ల మీదుగా స్టేజి ఎక్కింది. జనం ఇంకా గట్టిగా అరిచారు, ఇది కూడా నాటకంలోదే అనుకున్నారు. ఇద్దరు మీటాలు వచ్చారని ఎవడో కేక వేశాడు. భిక్షపతి మాత్రం ఆమె ముఖం చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

కమల తన పిన్ను విప్పింది. చెవిలోంచి వైరు చివరి బిరడా తీసి, భిక్షపతి చెవిలో ఉన్న తాడు లాగేసి, అక్కడ దాన్ని దూర్చింది. డబ్బా చక్రాన్ని చివరిదాకా తిప్పి అతని చేతిలో పెట్టింది.

లౌడ్ స్పీకర్ల మోత, ఈలలు, హార్మోనియం, జనరేటర్ చప్పుడు, అన్నీ ఒక్కసారిగా భిక్షపతి తలలో పడ్డాయి. అతను కెవ్వుమని కిందికి కుంగిపోయాడు. డబ్బాను ఎటు తిప్పాలో తెలియక రెండు చేతులతో తల పట్టుకున్నాడు. జనం దానికి కూడా నవ్వారు.

కమల మైకు ముందుకు వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఏమీ వినపడటం లేదు, తన గొంతు కూడా. ఎంత గట్టిగా మాట్లాడుతుందో ఆమెకు తెలియదు. ఆ గొంతు మూడు గల్లీల అవతలికి వినపడిందని తర్వాత చెప్పారు.

"నా పేరు కమల. మీరు నవ్వుతున్నరో లేదో నాకు ఇప్పుడు వినవస్తలేదు. నవ్వుకోండ్రి. గీ భిక్షపతన్న నా దుకాణంలనే లేసు కొన్నడు. అప్సరస వేషమని అబద్ధం చెప్పి కొన్నడు. నేనే ఏరి ఇచ్చిన. యాడ కుట్టాల్నో నేనే చూపిచ్చిన. మీ అందరి ఇండ్లల్ల పెండ్లి గుడ్డలకు లేసులు నేనే ఇచ్చిన. వినరాకపోతే మల్లొకసారి చెప్పమని అడుగుత. అడిగితే ఎవలికన్న ఏమన్న అయిందా? అడుగుడు తప్పా? గా టీవీల మీటా ఇనుపది. దానికి సిగ్గు లేదు, కోపం లేదు, ఏమన్నా పడుంటది. నాకు సిగ్గున్నది. నాకు కోపమున్నది. గది మీకు వినవస్తుందా లేదా?"

ఆమె ముందు వరసల వైపు చూసింది. తెరిచి ఉన్న నోళ్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. సుశీలమ్మ తల దించుకుంది. మండపం పక్కన నిలబడ్డ ప్రహ్లాద్ చేతులూపుతూ ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో పెదాలు చూసి తెలుసుకోగలదు గాని, అక్కరలేదనుకుంది. మెట్లు దిగి, జనం మధ్య నుంచి ఇంటికి నడిచిపోయింది. మిషన్ సంగతి గుర్తే లేదు.

మరునాడు పొద్దున భిక్షపతి దాన్ని శుభ్రమైన దస్తీ రుమాలులో చుట్టి తెచ్చాడు. కమల తీసుకుని, చూసుకుని, పెట్టుకుంది. అప్పటిదాకా అతను గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

"చెల్లె, చెవిల ఇంకా గుయ్‌మంటున్నది" అన్నాడు.

"నాకు రోజు అంటది."

"మాటలు రాసింది నేను గాదు. ప్రహ్లాదన్న చెప్పిండు. గీ వేషం పెడితే జనం మస్తు వస్తరన్నడు."

"మాటలు ఎవలన్నా రాయని. నా లెక్క నడిచింది ఎవలు? నా సంచీ అసొంటి సంచీ కుట్టిచ్చుకున్నది ఎవలు?"

భిక్షపతి చెప్పుల వైపు చూసుకున్నాడు. "నేనే."

"దుకాణంల నా ముంగట నిలబడి చూసిపోయినవ్. నీకు నేను చెల్లెనా?"

అతను వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ, మండలివాళ్లు తండ్రినీ కూతురినీ మండపానికి రమ్మన్నారని మాత్రం చెప్పాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, పాల క్యాను చంకన పెట్టుకుని కృష్ణమ్మ వచ్చింది. ముఖం ముడుచుకుని ఉంది. "నేను గూడ మీటా అన్న గదనే. ప్రేమతోటి అన్న. నీ మీద ఒట్టు."

"ప్రేమతోటి అంటే కమల అనరాదా అక్కా?" అంది కమల.

కృష్ణమ్మ క్యాను కింద పెట్టి, అరుగు మీద కూర్చుని ఏడ్చింది. కమల ఓదార్చలేదు. మండలివాళ్లు రమ్మన్న చోటికి పోవడానికి తల దువ్వుకుంది.

మండపంలో పొద్దున పూజ అప్పుడే అయిపోయింది. వెండి కాగితపు ఓడ కింద మండలివాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లే తమకు క్షమాపణ చెప్పడానికి పిలిచారేమోనని దారి పొడుగునా వైకుంఠం అనుకున్నాడు. ప్రహ్లాద్ మొదటి మాటతోనే ఆ ఆశ పోయింది.

"దేవుని స్టేజి మీద లొల్లి చేసినవ్ కమలా. నాటకం ఖరాబ్ చేసినవ్. నిమజ్జనం ముంగటి దినం గదే నాటకం మల్లా ఎయ్యాలె, పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు. గణపతి ముంగట చేతులు కట్టుకుని మండలికి మాఫీ అడుగు. ముచ్చట ఈడికి ఖతం."

కమల తను సరిగ్గా విన్నదో లేదోనని ఆయన పెదాల వైపే చూసింది. సరిగ్గానే విన్నది.

"మాఫీ నేను అడగాల్నా?"

"మరి ఎవలు అడగాలె? ఆడపిల్లవు స్టేజి ఎక్కి మగోని చెవి పట్టుకుంటవా?"

"ఆ మగోడు నా చీర అసొంటి చీర కట్టుకుంటే మీకు తప్పనిపియ్యలే. నేను వాని చెవి పట్టుకుంటే తప్పయిందా? అన్నా, నేను నీ దుకాణానికి వచ్చి బతిమిలాడిన. గప్పుడు నువ్వు తల వంచి చూపిచ్చి నవ్విచ్చినవ్. దేవుడున్నడంటున్నవ్ గదా. నిన్న నేను చెప్పింది గాయన గూడ విన్నడు. నేను అడగ."

"వైకుంఠం, నీ బిడ్డకు జర చెప్పుకో" అన్నాడు ప్రహ్లాద్. గొంతులో వేడి పెరిగింది.

వైకుంఠం కండువా సర్దుకున్నాడు.

"నిన్న నేను గూడ నవ్విన" అన్నాడు. "నాకు నవ్వు రాలే. అందరు నా దిక్కే చూస్తుండిరి. నవ్వకపోతే ఏమనుకుంటరో అని నవ్విన. నా బిడ్డ తిరిగి చూస్తే నేను నవ్వుతున్న. మాఫీ అడగాలంటే ముందుగాల నేను అడగాలె, నా బిడ్డను. నా బిడ్డ మిమ్మల్ని అడగది. మీరు గా నాటకం మల్లా ఎయ్యొద్దు."

ప్రహ్లాద్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఎయ్యొద్దని చెప్పనీకి నువ్వెవలు? వేస్తం! భిక్షపతీ, చీర తయారుగ పెట్టుకో."

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ భిక్షపతి, "నేను ఎయ్యనన్నా" అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకొకడు" అని ప్రహ్లాద్ చుట్టూ చూశాడు. ఒకడు అగరుబత్తి సరిచేశాడు. ఒకడు పళ్లెం తీసుకుని లోపలికి పోయాడు. ఎవరూ ముందుకు రాలేదు.

తండ్రీ కూతుళ్లు ఇంటిదారి పట్టారు. గల్లీ మలుపులో, నీళ్ల కుళాయి దగ్గర, బిందెల వరస ముందు కమల ఆగింది.

"మాఫీ అడగాలన్నవ్ బాపు. అడగలే."

వైకుంఠం అటూ ఇటూ చూశాడు. "ఈడనా? అందరున్నరు బిడ్డా."

"అందరి ముంగటనే నవ్వినవ్."

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. వైకుంఠం కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "తప్పయింది బిడ్డా. నన్ను మాఫ్ చెయ్యి" అని, ఆమెకు వినపడేట్టు గట్టిగానే అన్నాడు.

కమలకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఉన్నమాటే చెప్పింది. "విన్న బాపు. నాకు కోపం ఇంకా పోలే."

"ఉండనీ" అన్నాడాయన. ఇద్దరూ దుకాణం తెరవడానికి పోయారు.

నాటకం మళ్లీ వెయ్యలేదు. ఆ రోజు భజన పెట్టారు. పెద్దమనుషులు హారతి తీసుకుని తొందరగా లేచిపోయారు. గల్లీలో సగం మంది, ఒక్క నవ్వులాట కూడా లేకుండా చేసిందని కమలనే తిట్టుకున్నారు. ఆ తిట్లలో కొన్ని ఆమె దాకా వచ్చాయి. సోడా బండివాడు ఒకసారి అలవాటుగా మీటా అనబోతే, "నా పేరు తెల్వకపోతే పోయి తెలుసుకుని రా" అని నడి బజారులో నిలబెట్టి చెప్పింది. చలికాలం వచ్చేసరికి టీవీలో జహాజ్ అయిపోయింది, దాని చోట ఇంకేదో వచ్చింది. ఆమె వెనక ఆ పేరు ఎవరైనా అన్నారేమో తెలియదు గాని ముఖం మీద ఎవరూ అనలేదు. ప్రహ్లాద్ అయితే ఆమెను ఏ పేరుతోనూ పిలవలేదు. దుకాణం ముందు నుంచి పోవాల్సి వస్తే అవతలి పక్కకు ముఖం తిప్పుకుని పోయేవాడు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం సుశీలమ్మ జాకెట్ల లేసు కోసం వచ్చింది. గులాబీ రంగుది ఏరుకుని, అటూ ఇటూ చూసి, కమలకు తన పెదాలు కనపడేట్టు ముఖం ముందుకు పెట్టి చెప్పింది.

"ఆయన ఇంకా అలిగే ఉన్నడు కమలా. మండలి ఇజ్జత్ తీసినవంటడు."

"ఉండనియ్యి వదినా. నేను గూడ అలిగే ఉన్న" అని కమల, కొలబద్ద మీద లేసు పరిచి, కత్తెర అందుకుంది.